లెనిన్ యుద్ధాన్ని వ్యతిరేకించాడా, సమర్థించాడా? 'సోషలిజం - యుద్ధం' ఎలా చదవాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో లెనిన్ రాసిన చిన్న పుస్తకం 'సోషలిజం - యుద్ధం' చదివారు, మొదట్లోనే సోషలిస్టులు యుద్ధాల్ని అనాగరికం అని ఎప్పుడూ ఖండించారు అంటాడు, నాలుగు పేజీలు తిప్పేసరికి కొన్ని యుద్ధాలు న్యాయమైనవి అంటాడు, ఇంకాస్త ముందుకెళ్తే ఈ యుద్ధాన్ని అంతర్యుద్ధంగా మార్చాలి, సొంత ప్రభుత్వం ఓడిపోవాలని కోరుకోవాలి అంటాడు. ఇంతకీ ఆయన యుద్ధానికి అనుకూలమా వ్యతిరేకమా, సొంత దేశం ఓడాలనటం అవతలివాడికి సాయం చేయటం కాదా, ఇవాళ్టి యుద్ధాలకి ఇదే పెట్టి చూడొచ్చా, ఇవీ మీరు అడిగినవి.

సూటిగా చెప్తాను. లెనిన్ 'యుద్ధం' అనే మాటకి అనుకూలమూ కాదు వ్యతిరేకమూ కాదు, ఆయన అడిగేది ఒక్కటే, ఈ యుద్ధం ఎవరి రాజకీయానికి కొనసాగింపు అని. 1914లో మొదలైన యుద్ధం రెండు వైపులా కూడా వలసల పంపకం కోసం జరిగే దోపిడీ యుద్ధం అని తేల్చాడు కాబట్టి దాన్ని వ్యతిరేకించాడు, వలస దేశం తన యజమాని మీద తిరగబడితే దాన్ని సమర్థిస్తాను అన్నాడు. 'సొంత ప్రభుత్వం ఓడిపోవాలి' అన్నది ఒక దేశం వాళ్ళకి చెప్పింది కాదు, యుద్ధంలో ఉన్న పెద్ద దేశాలన్నిటి సోషలిస్టులకీ ఒకేసారి చెప్పింది, ఆ 'ఒకేసారి' అన్నది వదిలేస్తే వాక్యం అర్థమే తిరగబడిపోతుంది. ఇక ఇవాళ్టి యుద్ధాలకి, ఆయన ప్రశ్నల్ని వాడొచ్చు, ఆయన జవాబుల్ని ఎత్తి పెట్టకూడదు.

నేను చాలా ఏళ్ళుగా మా ఊళ్ళో స్టడీ సర్కిల్ నడుపుతున్నాను, యుద్ధం మీద రాతలు చదివేటప్పుడు కొత్తవాళ్ళు ఆగిపోయేది సరిగ్గా మీరు ఆగిన చోటే. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు తేదీ చూడండి, ఆ తర్వాతే వాక్యం. ఈ చిన్న పుస్తకం 1915 జులై, ఆగస్టుల్లో తన పార్టీ సహచరుడు జినోవియేవ్‌తో కలిసి రాసింది, సెప్టెంబర్ 5 నుంచి 8 వరకు స్విట్జర్లాండ్‌లో జిమ్మర్‌వాల్డ్ అనే పల్లెలో యుద్ధ వ్యతిరేక సోషలిస్టుల సమావేశం జరగబోతోంది, అక్కడికి వచ్చే ప్రతినిధుల చేతికి ఇవ్వటానికి రాసింది. అంటే ఇది తీరిగ్గా కూర్చుని రాసిన యుద్ధ సిద్ధాంత గ్రంథం కాదు, గదిలో అవతలి బెంచీ మీద కూర్చున్నవాళ్ళతో వాదించటానికి తయారు చేసుకున్న నోట్. వచ్చింది 38 మంది, అందులో లెనిన్ వైపు నిలబడ్డవాళ్ళు ఒక చిన్న గుంపు, ఆయన ముసాయిదా నెగ్గలేదు, చివరికి అందరూ ఒప్పుకున్న మేనిఫెస్టో ఇంకో రష్యన్ విప్లవకారుడు ట్రాట్‌స్కీ రాసింది. ఇది తెలిశాక చదివితే ఆ పుస్తకంలో గొంతు ఎందుకంత గట్టిగా ఉందో అర్థమవుతుంది, ప్రతి పేరా వెనకా ఒక ప్రత్యర్థి ఉన్నాడు.

ఆ ప్రత్యర్థి ఎవరు అంటే కొన్నేళ్ళు వెనక్కి వెళ్ళాలి. 1907లో స్టుట్‌గార్ట్‌లో, 1912లో బాసెల్‌లో రెండో ఇంటర్నేషనల్ (దేశదేశాల సోషలిస్టు పార్టీల ఉమ్మడి సంఘం) పార్టీలన్నీ కూర్చుని యుద్ధం రాకుండా ఆపాలి, ఆపలేక వస్తే త్వరగా ముగించటానికి పనిచేయాలి, యుద్ధం తెచ్చే సంక్షోభాన్ని పెట్టుబడిదారీ పాలన కూలటానికి వాడాలి అని తీర్మానించుకున్నాయి. స్టుట్‌గార్ట్ తీర్మానం చివరి పేరాలు లెనిన్, జర్మన్ పార్టీ వామపక్షపు రోజా లక్సెంబర్గ్, మరో రష్యన్ సోషలిస్టు మార్తోవ్ కలిసి పెట్టించిన సవరణలే. తీరా 1914 ఆగస్టు 4న జర్మన్ పార్లమెంటులో యుద్ధ నిధుల ఓటింగ్ వచ్చేసరికి సోషల్ డెమొక్రాట్లు అందరూ అనుకూలంగా ఓటేశారు, ముందు రోజు పార్టీ సభ్యుల లోపలి మీటింగ్‌లో 78 మంది అనుకూలం, 14 మంది వ్యతిరేకం, ఆ 14 మందిలో ఉన్న పార్టీ నాయకుడు హాజేనే మర్నాడు సభలో పార్టీ ప్రకటన చదవాల్సి వచ్చింది. జర్మన్లు చెప్పిన కారణం ఏంటంటే జార్ (చక్రవర్తి) ఏలే రష్యా నుంచి దేశాన్ని కాపాడుకోవాలి, మార్క్స్ ఎంగెల్స్ కూడా జార్‌ని అలాగే తిట్టారు కదా అని. ఫ్రాన్స్ వాళ్ళు చెప్పిన కారణం కైజర్ (జర్మన్ చక్రవర్తి) సైన్యం నుంచి రిపబ్లిక్‌ని కాపాడుకోవాలి అని, అక్కడ గ్యూద్ లాంటి పాత మార్క్సిస్టు ఏకంగా మంత్రి అయిపోయాడు. రష్యన్లలో పాత మార్క్సిస్టు ప్లెహనోవ్ కూడా సొంత దేశం వైపే. ఒకే గురువుల పుస్తకాల్లోంచి ఎవరికి కావాల్సిన వాక్యం వాళ్ళు కోసుకుని ఒకరినొకరు చంపుకునే సైన్యాల వెనక నిలబడ్డారు.

'సోషలిజం - యుద్ధం' దీనికి జవాబు. అందుకే అందులో 'ముందు ఎవడు కొట్టాడు' అన్న ప్రశ్నని ఆయన పక్కకి నెట్టేస్తాడు, ఎందుకంటే 1914లో ప్రతి ప్రభుత్వమూ అవతలివాడే ముందు కొట్టాడు అని కాగితాలు చూపించింది, ప్రతి పార్టీ 'ఆత్మరక్షణ' అనే మాట వెనకే దాక్కుంది. ప్రష్యన్ సైనిక సిద్ధాంతకర్త క్లాజ్‌విట్జ్ మాట, యుద్ధం అంటే రాజకీయాన్ని వేరే మార్గంలో కొనసాగించటమే అన్నది, ఆయన ఎత్తుకున్నది కూడా ఇందుకే. తుపాకీ పేలిన రోజు నుంచి లెక్కపెట్టొద్దు, అంతకు ముందు ముప్పై నలభై ఏళ్ళు ఈ ప్రభుత్వాలు ఏం చేస్తున్నాయో చూడండి అని.

ఇక్కడ ఒక చిన్న పట్టిక ఉంటుంది, దాదాపు అందరూ దాన్ని దాటేసి వెళ్ళిపోతారు, నేను మాత్రం సర్కిల్‌లో దాని దగ్గర ఒక సాయంత్రం మొత్తం ఆపుతాను. 1876 నుంచి 1914 లోపు ఆరు పెద్ద రాజ్యాలు రెండున్నర కోట్ల చదరపు కిలోమీటర్లు లాక్కున్నాయి, అంటే యూరప్‌కి రెండున్నర రెట్లు, వాళ్ళ వలసల్లో 52 కోట్ల పైన జనం ఉన్నారు అని ఆ లెక్క. అందులో ఒక్క బ్రిటన్ కిందే 39 కోట్ల పైన. ఆ 39 కోట్లలో ఎక్కువమంది ఎవరు? మనవాళ్ళే. మొన్నొకసారి ఒక కుర్రాడు ఆ అంకె మీద వేలు పెట్టి 'మా ముత్తాత ఇందులో ఉన్నాడన్నమాట' అన్నాడు, నిజమే, ఉన్నాడు. పుస్తకంలో వాదన అంతా ఆ పట్టిక మీద నిలబడి ఉంది. ఇంత లాక్కున్నవాళ్ళు ఇప్పుడు పంపకాల దగ్గర కొట్టుకుంటున్నారు, ఇందులో 'మాతృభూమి రక్షణ' ఎక్కడుంది అన్నదే ఆయన ప్రశ్న. ఆయనే ఒక ఉదాహరణ చెప్తాడు, వంద మంది బానిసలున్న యజమాని రెండొందల మంది ఉన్న యజమాని మీద బానిసల్ని 'న్యాయంగా' పంచుకుందాం అని యుద్ధానికి వెళ్తే దాన్ని రక్షణ యుద్ధం అంటారా అని.

అదే చోట, ఆ పట్టికకి కాస్త ముందే, మన పేరు నేరుగా వస్తుంది. రేపు మొరాకో ఫ్రాన్స్ మీద, ఇండియా ఇంగ్లండ్ మీద, పర్షియా లేదా చైనా రష్యా మీద యుద్ధం ప్రకటిస్తే అవి న్యాయమైన రక్షణ యుద్ధాలే, ఎవరు ముందు దాడి చేశారన్నదానితో సంబంధం లేదు అంటాడు. చూడండి, ఇది 1915. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే గదర్ పార్టీ (విదేశాల్లోని భారతీయులు బ్రిటిష్ పాలన మీద పెట్టుకున్న విప్లవ పార్టీ) వాళ్ళు బ్రిటిష్ ఇండియా సైన్యంలో తిరుగుబాటు లేపాలని చూసి దొరికిపోయారు, మన దర్శి చెంచయ్య గారు ఆ పార్టీ మనిషే. కాబట్టి లెనిన్‌ని శాంతివాది అనుకుని చదివితే ఈ వాక్యం దగ్గర తల గోడకి కొట్టుకుంటుంది, యుద్ధప్రియుడు అనుకుని చదివితే మొదటి వాక్యం దగ్గర కొట్టుకుంటుంది. రెండిటికీ ఇరుసు ఒకటే, ఎవడు ఎవడి మెడ మీద కూర్చున్నాడు అన్నది.

ఇక ఓటమి గురించి. మీకు ఎక్కువ ఇబ్బందిగా ఉన్నది ఇదే అని రాశారు, నిజానికి ఇబ్బంది పడాల్సిందే, అప్పట్లో ఆయన దగ్గరివాళ్ళే పడ్డారు. 1914 నవంబర్ 1న అచ్చయిన లెనిన్ పార్టీ ప్రకటనలో ఈ ఓటమి మాట ఇంకా రష్యా వరకే ఉంది, రష్యాలోని అన్ని జాతుల శ్రామికుల వైపు నుంచి చూస్తే జార్ రాజరికం ఓడటమే తక్కువ చెడు అని. 1915 జులైకి దాన్ని అన్ని పెద్ద దేశాలకీ విస్తరించాడు. ఎందుకు? దోపిడీ యుద్ధంలో సొంత ప్రభుత్వానికి వ్యతిరేకంగా నిజంగా పోరాడితే, సమ్మె చేస్తే, కందకాల్లో శత్రు సైనికులతో చేతులు కలిపితే, అది ప్రభుత్వాన్ని బలహీనపరుస్తుంది, ఆ ఫలితానికి భయపడి ఆగిపోతే పోరాటం మాటల్లోనే ఉంటుంది అని ఆయన వాదన. పైగా ఆయన ముందు అనుభవం ఉంది, 1870లో ప్రష్యా (జర్మనీలో పెద్ద రాజ్యం) చేతిలో ఫ్రాన్స్ సెడాన్ దగ్గర ఓడాక పారిస్ కార్మికులు అధికారం పట్టుకున్న పారిస్ కమ్యూన్, జపాన్ చేతిలో దెబ్బలు తిన్నాక 1905 రష్యా విప్లవం.

శత్రువుకి సాయం అన్న ఆరోపణకి జవాబు కూడా ఇందులోనే ఉంది, జర్మన్ సోషలిస్టుకి కూడా నీ కైజర్ ఓడాలి అనే చెప్తున్నాడు కదా. జర్మన్ పార్లమెంటులో సోషల్ డెమొక్రాట్ సభ్యుడు కార్ల్ లీబ్‌నెక్ట్ చేసింది అదే. ఆగస్టు 4న పార్టీ క్రమశిక్షణకి లొంగి ఓటేసిన మనిషి డిసెంబర్ 2న సభ మొత్తంలో ఒక్కడే నిధులకి వ్యతిరేకంగా ఓటేశాడు, 1915 మేలో 'ప్రధాన శత్రువు సొంత దేశంలోనే ఉన్నాడు' అని కరపత్రం వేశాడు, 1916 మే డే నాడు బెర్లిన్ నడిబొడ్డున యుద్ధం నశించాలి అని అరిచి జైలుకెళ్ళాడు. రష్యాలో డ్యూమా (పార్లమెంటు)లోని బోల్షెవిక్ సభ్యుల్ని, అంటే లెనిన్ పార్టీ వాళ్ళని, సైబీరియాకి పంపారు. నాకు వీళ్ళకన్నా ఎక్కువగా మనసుకి తగిలేది సెర్బియా సోషలిస్టులు. వాళ్ళ దేశం మీద ఆస్ట్రియా హంగరీ అనే పెద్ద రాజ్యం దాడి చేసింది, జాతీయ రక్షణ అనే వాదన ఎవరికైనా ఉందంటే వాళ్ళకే ఉంది, లెనిన్ కూడా ఆ యుద్ధంలో జాతీయ అంశం సెర్బియా దగ్గరే ఉంది అని ఒప్పుకున్నాడు, అయినా వాళ్ళ ఇద్దరు పార్లమెంటు సభ్యులూ యుద్ధ నిధులకి వ్యతిరేకంగా ఓటేశారు.

కానీ ఒక హెచ్చరిక. ఈ ఓటమి నినాదం మార్క్సిస్టులందరి మాటా కాదు. ట్రాట్‌స్కీ ఒప్పుకోలేదు, రోజా లక్సెంబర్గ్ జైల్లో జూనియస్ అనే మారుపేరుతో రాసిన జూనియస్ కరపత్రంలో దాని జోలికే పోలేదు. లెనిన్ కూడా 1917 ఫిబ్రవరి విప్లవంలో జార్ దిగిపోయాక గొంతు మార్చాడు, ఆ ఏప్రిల్లో రాసిన ఏప్రిల్ థీసిస్ తీసి చూడండి, ఓటమి అనే నినాదం కనిపించదు, దేశరక్షణ అని నమ్ముతున్న మామూలు జనం నిజాయితీగానే నమ్ముతున్నారు, వాళ్ళకి ఓపిగ్గా, వదలకుండా వివరించాలి అని ఉంటుంది. సూత్రం మారలేదు, యుద్ధం ఇంకా దోపిడీ యుద్ధమే అంటున్నాడు, కానీ జార్ పోయాడు, చేతిలో తుపాకీ ఉన్న రైతు సైనికుడు సోవియట్లో (కార్మిక, సైనిక ప్రతినిధుల సభలో) కూర్చున్నాడు, వాడితో 'నువ్వు ఓడిపోవాలి' అని మాట్లాడటం కుదరదు. కాబట్టి ఎవరైనా 1915 నినాదాన్ని తీసుకొచ్చి ఇదే మార్క్సిజం అని గుద్ది చెప్తే రెండేళ్ళ తర్వాత అదే మనిషి ఏం రాశాడో చూపించండి. దేశద్రోహం అనే మాట అనేవాళ్ళకి 1914 డిసెంబర్‌లో ఆయన రాసిన జాతీయాభిమానం వ్యాసం చూపించండి, మా భాషనీ మా దేశాన్నీ ప్రేమిస్తాం కాబట్టే దాన్ని ఇతర జాతుల్ని తొక్కే దేశంగా చూడలేకపోతున్నాం అన్నది దాని సారాంశం.

యుద్ధం మధ్యలోనే దాని స్వభావం మారొచ్చు. ఈ పాయింట్ మీద నేను గట్టిగా పట్టుబడతాను. మార్క్స్ రాసిన రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకోండి. ఫ్రాన్స్ ప్రష్యా యుద్ధం మీద మొదటి ఇంటర్నేషనల్ (అప్పటి అంతర్జాతీయ కార్మిక సంఘం) తరఫున ఒకటి 1870 జులై 23న, రెండోది సెప్టెంబర్ 9న. మొదటిదాంట్లో జర్మనీ వైపు ఇది రక్షణ యుద్ధం అని ఒప్పుకుంటూనే అది ఫ్రెంచ్ ప్రజల మీద యుద్ధంగా మారకూడదు అని హెచ్చరిస్తాడు. సెప్టెంబర్ మొదట్లో సెడాన్‌లో ఫ్రెంచ్ చక్రవర్తి మూడో నెపోలియన్ దొరికిపోయాడు, పారిస్‌లో రిపబ్లిక్ వచ్చింది, అయినా ప్రష్యా ఆగకుండా ఫ్రాన్స్‌లోని అల్సేస్ లొరైన్ ప్రాంతం కావాలంది, రెండో కాగితంలో మార్క్స్ రక్షణ యుద్ధం అయిపోయింది అని తేల్చేసి, ఈ ఆక్రమణ ఫ్రాన్స్‌ని రష్యా చేతుల్లోకి నెడుతుంది అని చెప్పాడు. మధ్యలో ఏడు వారాలు కూడా లేవు. మొదటి కాగితం మాత్రమే చదివినవాడు మార్క్స్ ప్రష్యా పక్షం అంటాడు, రెండోది మాత్రమే చదివినవాడు ఫ్రాన్స్ పక్షం అంటాడు.

మన దగ్గర ఇదే చిక్కు రెండుసార్లు వచ్చింది. 1939లో కమ్యూనిస్టు పార్టీ ఇది సామ్రాజ్యవాద యుద్ధం, మనిషినీ ఇవ్వం పైసా ఇవ్వం అంది. 1941 జూన్ 22న హిట్లర్ సోవియట్ మీద పడ్డాడు, ఆ ఏడాది చివరికల్లా ప్రజాయుద్ధం అనే లైన్ వచ్చింది, 1942 జులైలో పార్టీ మీద నిషేధం ఎత్తేశారు, ఆగస్టులో క్విట్ ఇండియా వచ్చింది, పార్టీ దానికి దూరంగా ఉంది. ఆగస్టు 12న తెనాలిలో కాల్పుల్లో జనం చచ్చిపోయారు, రణరంగ్ చౌక్ అందుకే ఉంది. దీని మీద నా అభిప్రాయం దాచుకోను. ఫాసిజం మీద ప్రపంచ యుద్ధం స్వభావం మారింది అనటం తప్పు కాదు, మారింది. కానీ అందువల్ల ఇక్కడ బ్రిటిష్‌వాడి మీద పోరాటం ఆపాలి అనేది దాన్నుంచి దానంతట అది రాదు, అది రెండో ప్రశ్న, దానికి వేరే జవాబు వెతకాలి. లెనిన్ 1915లో ఇండియా పేరు రాసిన ఆ వాక్యం అప్పటి నాయకుల అల్మారాల్లో ఉండే ఉంటుంది.

రెండోది తెలంగాణ. 1948 సెప్టెంబర్ 17 వరకు కమ్యూనిస్టుల పోరాటం నిజాం మీద, రజాకార్ల మీద, దేశ్‌ముఖ్‌ల మీద. భారత సైన్యం వచ్చాక నిజాం లొంగిపోయాడు, ఇప్పుడు ఎదురుగా ఉన్నది నెహ్రూ ప్రభుత్వ సైన్యం. ఇది అదే యుద్ధమా, వేరే యుద్ధమా? పార్టీ నాయకుడు రావి నారాయణరెడ్డి గారు పోరాటం ఆపాలి అన్నారు, పార్టీలో కొనసాగించాలి అన్నవాళ్ళు ఆపితే పారిపోయిన దేశ్‌ముఖ్‌లు మిలిటరీ వెనకాలే వచ్చి పంచిన భూమి లాక్కుంటారు అన్నారు. రెండు వాదనలూ గాలి మాటలు కావు. నాయకులు మాస్కో దాకా వెళ్ళి స్టాలిన్‌తో మాట్లాడి వచ్చారు, చివరికి 1951 అక్టోబర్‌లో విరమించారు. మూడేళ్ళు నలిగిన ఈ చర్చని మార్క్స్ రెండు కాగితాల పక్కన పెట్టి చదవండి, సిద్ధాంతం ఎందుకు అంత ముఖ్యమో, ఎందుకు అంతటితో సరిపోదో రెండూ కనపడతాయి.

ఇవాళ్టి యుద్ధాల సంగతి. ఉక్రెయిన్ విషయంలో నేను చూసిన ప్రతి వాదనలోనూ రెండు పక్షాలూ లెనిన్‌నే ఎత్తాయి. ఒకరు ఇది పెద్ద రాజ్యాల పంపకం గొడవ, 1915 చూడు అంటారు, ఇంకొకరు పక్క దేశాన్ని మింగుతున్న పెద్ద రాజ్యం మీద జాతీయ రక్షణ, జూనియస్ మీద విమర్శ చూడు అంటారు. ఆ విమర్శ 1916లో రాసింది, సామ్రాజ్యవాద యుగంలో ఇక జాతీయ యుద్ధాలు ఉండవు అన్న రోజా మాటని లెనిన్ ఖండిస్తాడు, ఒకటి ఇంకోటిగా మారగలదు అంటాడు, ఫ్రెంచ్ విప్లవ కాలపు జాతీయ యుద్ధాలు నెపోలియన్ చేతిలో ఆక్రమణ యుద్ధాలు అయిపోయి, మళ్ళీ వాటి మీద జాతీయ విముక్తి యుద్ధాలు పుట్టాయి అని ఉదాహరణ ఇస్తాడు. ఇంకో సంగతి, 2022 ఫిబ్రవరి 21 ప్రసంగంలో పుతిన్ ఉక్రెయిన్‌ని తయారుచేసింది లెనినే అని తప్పుపట్టాడు, అంటే జాతుల స్వయం నిర్ణయం మీద లెనిన్ రాతలు ఆయనకి ఇంకా గుచ్చుకుంటున్నాయి. నేనైతే దాడి చేసిన ప్రభుత్వాన్ని ఆ దేశం వాళ్ళు, ఆయుధాలు అమ్ముకుంటున్న ప్రభుత్వాల్ని ఆ దేశాల వాళ్ళు నిలదీయటం దగ్గర మొదలుపెడతాను, మిగతా తీర్పు ఆ ప్రాంతపు ముప్పై ఏళ్ళ చరిత్ర చదవకుండా చెప్పను, ఎవరైనా ఒక్క కొటేషన్‌తో చెప్పేస్తే నమ్మను కూడా.

చదివే పద్ధతి అడిగారు కాబట్టి. పాత మాస్కో ప్రచురణల తెలుగు పుస్తకాలు దొరికితే తీసుకోండి, వాటి చివర వివరణలు ఉంటాయి, ఎవరు ఎవరు, ఏ తీర్మానం ఎప్పుడు అని, ముందు అవి చదవండి. తర్వాత వరస ఇలా పెట్టుకోండి: మార్క్స్ 1870 కాగితాలు రెండూ, బాసెల్ మేనిఫెస్టో, రోజా జూనియస్ కరపత్రం, ఆ తర్వాతే 'సోషలిజం - యుద్ధం', దాని మీదట జూనియస్ మీద లెనిన్ విమర్శ, ఆఖర్న ఏప్రిల్ థీసిస్. రోజాని లెనిన్ కంటే ముందు పెట్టటం కావాలనే, లేకపోతే ఆవిడ మాట లెనిన్ చెప్పినట్టుగానే మీకు తెలుస్తుంది, ఆవిడ స్వయంగా ఏం వాదించిందో తెలియదు. చదువుతూ ప్రతి కాగితం మార్జిన్లో మూడు ముక్కలు రాసుకోండి, ఏ నెల, ఎవరితో వాదిస్తున్నాడు, ఎవరిని ఏం చేయమంటున్నాడు. మూడోది చాలాచోట్ల ఖాళీగా మిగిలిపోతుంది, అలా మిగిలిన చోట్ల పేజీ నంబర్ వేసి ఇక్కడ పెట్టండి, ఆ పేరాలు కలిసి చూద్దాం.